మూడవ సాలార్‌జంగు

ధనమును కూడబెట్టినవారు లోకమున పెక్కుమంది కలరు. వారిలో అనేకుల పేర్లు వారి ధనముతోడనే మాసిపోయినవి. అరచేతిలో ఇమిడిపోవు చిన్న నస్యపు బుడ్డి మొదలుకొని నిలువెత్తు పాలరాతి విగ్రహము వరకు, తన కంటికి ఇంపైన ప్రతి వస్తువును దేశదేశముల నుండి తెప్పించి, వానినే తన సంసారముగా భావించి జీవించిన ప్రభువొకడు హైదరాబాదు పాతనగరమున ఉండెను. ఆయన మరణించిన పిదప ఆ వస్తువులు ప్రజలందరి సొత్తుగా నిలిచినవి. ఆయనయే నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్. చరిత్రలో ఆయనను మూడవ సాలార్‌జంగు అందురు.

సాలార్‌జంగు అనునది వ్యక్తినామము కాదు, బిరుదు. యుద్ధమున సేనానాయకుడు అని దాని భావము. నిజాం ప్రభువుల కొలువున ఈ వంశమువారు తరతరములుగా దివాను పదవిని వహించిరి. ఒకప్పుడు నగరవాసుల దాహము తీర్చిన మీరాలం చెరువునకు పేరిచ్చిన మీర్ ఆలం ఈ వంశపు పూర్వులలోనివాడే. యూసుఫ్ అలీఖానునకు తాతయగు మీర్ తురాబ్ అలీఖాన్ మొదటి సాలార్‌జంగు. ఆయన 1853వ సంవత్సరమున, 24 ఏండ్ల ప్రాయమున దివానై, 1883లో మరణించువరకు ముప్పది ఏండ్లు రాజ్యభారమును మోసెను. ఖజానా వట్టిపోయి, అప్పులు పెరిగియున్న రాజ్యమును ఆయన జిల్లాలుగా విభజించి, శిస్తు వసూలును చక్కబరచి, పాఠశాలలను నెలకొల్పి, ఒక క్రమమునకు తెచ్చెను. ఆయన 1876లో ఐరోపాకు వెళ్లినపుడు రోము నగరమున బెంజోనీ అను శిల్పి చెక్కిన ఒక పాలరాతి విగ్రహమును కొని తెచ్చెను. అది ముసుగు కప్పుకొన్న రెబెకా అను యువతి ప్రతిమ. ముసుగును రాయియే, ముఖమును రాయియే. అయినను పలుచని వస్త్రము వెనుక ముఖము కనబడుచున్నట్లే చూపరులకు తోచును. మనుమని కాలమున మహావృక్షమైన సేకరణమునకు ఈ విగ్రహము మొలక వంటిది.

మొదటి సాలార్‌జంగు కుమారుడు మీర్ లాయఖ్ అలీఖాన్. ఆయన రెండవ సాలార్‌జంగు. తండ్రి గతించిన పిదప ఆయనయు దివానుగా పనిచేసి, మూడేండ్లకే పదవిని విడిచెను. ఆయన పూనా నగరమున ఉండగా 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఆయనకు యూసుఫ్ అలీఖాన్ జన్మించెను. బిడ్డ పుట్టి నెల తిరుగకమునుపే, 24 దినములకే తండ్రి మరణించెను. ఆ విధముగా ఊయలలోని పసివాడు ఒక గొప్ప వంశమునకు ఏకైక వారసుడయ్యెను.

ఆ పసివానికి సంక్రమించిన జాగీరు సామాన్యమైనది కాదు. కొప్పళ, కోస్గి మొదలైన తాలూకాలలో మూడు వందలకు మించిన గ్రామములు దానిలో చేరియుండెను. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ జాగీరును ప్రభుత్వ పర్యవేక్షణమున ఉంచి, బాలుని పెంపకము విషయమున శ్రద్ధ వహించెను. తండ్రి ముఖమెరుగని బాలుడు తాత తండ్రులు నివసించిన దివాన్ దేవిడీలో పెరిగెను. ఈ దేవిడీ చార్మినారునకు ఉత్తరముగా, పత్తర్‌గట్టీ సమీపమున ఉండిన విశాలమైన భవనముల సముదాయము. దానిలో అద్దముల శోభతో ఆయినాఖానా, చైనా పింగాణీ పేరిట చీనీఖానా, కొయ్యపనికి పేరెన్నికగన్న లక్కడ్‌కోట్ అను భాగములు ఉండెను. కన్ను తెరచినది మొదలు ఆ బాలునకు కనబడినవి పూర్వులు ప్రీతితో అమర్చిన అందమైన వస్తువులే. తోబుట్టువులు లేని బాలునకు ఆ వస్తువులే నేస్తములైనవనుటలో ఆశ్చర్యము లేదు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ఉప్పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. యూసుఫ్ అలీఖానునకు అప్పటికి 19 ఏండ్లు. ఆ ఉపద్రవము గడచిన మూడేండ్లకు, 1911లో, మహబూబ్ అలీఖాన్ మరణించి, ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజాముగా సింహాసనమెక్కెను. కొత్త ప్రభువు 1912లో యూసుఫ్ అలీఖానును దివానుగా నియమించెను. ఆయన వయస్సు అప్పటికి 23 ఏండ్లు మాత్రమే. తాత కూర్చున్న ఆసనమున మనుమడు కూర్చుండెను.

కాని ఆ ఆసనము ఆయనకు ఎంతోకాలము దక్కలేదు. రాజ్యభారమును స్వయముగా వహింపవలెనని నిజాం ప్రభువు సంకల్పించుకొనెను. 1914వ సంవత్సరము నవంబరులో యూసుఫ్ అలీఖాన్ పదవి నుండి తొలగెను. ఆ పిదప 1919 వరకు దివాను లేకయే నిజాం రాజ్యమును ఏలెను. ఇరువదియైదేండ్ల వయస్సున, ఇతరులకు జీవితము ఆరంభమగు వేళ, మూడవ సాలార్‌జంగునకు రాజకీయ జీవితము ముగిసెను. అట్టి స్థితిలో ధనమును యౌవనమును గలవారు పలువురు విలాసములకు లోబడుదురు. కొందరు కుట్రలకు దిగుదురు. ఆయన ఈ రెండు మార్గములను త్రొక్కలేదు. తాతనాటి నుండి ఇంట నిలిచియున్న కళాభిరుచిని తన వ్రతముగా చేసికొనెను. వివాహము సైతము చేసికొనక, మిగిలిన ముప్పదియైదు ఏండ్లను, జాగీరుపై వచ్చు ఆదాయమున అధికభాగమును ఆ వ్రతమునకే వినియోగించెను.

ఆ కాలముకూడ సేకరణకర్తలకు అనుకూలమైనది. 1912లో చైనా దేశమున మంచూ చక్రవర్తుల పాలన అంతమయ్యెను. 1914లో ఐరోపా ఖండమున మహాసంగ్రామము చెలరేగి, ప్రాచీన రాజవంశములను కూలద్రోసెను. రాజప్రాసాదములలోను, ప్రభువుల భవనములలోను తరతరములుగా దాగియున్న అపురూప వస్తువులు లండను, పారిసు నగరముల అంగళ్లకు చేరుచుండెను. సాలార్‌జంగు స్వయముగా ఐరోపా దేశములు తిరిగి కొన్నింటిని ఎన్నుకొనెను. ఆయన పక్షమున విదేశములలో ప్రతినిధులు ఉండి, అమ్మకమునకు వచ్చిన వస్తువుల జాబితాలను పంపుచుండిరి. ఆయన అభిరుచి లోకమునకు తెలిసిన పిదప వర్తకులే దివాన్ దేవిడీని వెదకికొనుచు వచ్చిరి. పాతనగరపు వీథులలో పెట్టెలు మోసికొనివచ్చు వర్తకులు సామాన్య దృశ్యమైరి.

ఆయన సేకరించిన వస్తువులలో చైనా దేశపు పనితనమునకు ప్రత్యేక స్థానము కలదు. పింగాణీ పాత్రలు, కంచు విగ్రహములు, లక్కపూత వస్తువులు, పట్టుపై కుట్టుపని, వీనితోపాటు నస్యపు బుడ్లును ఆ సేకరణమున చోటుచేసికొన్నవి. మన పల్లెలలో పూర్వము వృద్ధులు నడుమున పొడుముకాయను దోపుకొనెడివారు. చైనావారి నస్యపు బుడ్డియు ఆ పనికే ఉద్దేశింపబడినది. కాని దాని చరిత్ర విచిత్రమైనది.

పొగాకు అమెరికా ఖండమున పుట్టిన మొక్క. ఐరోపా వర్తకుల వలనను, క్రైస్తవ మతాచార్యుల వలనను నస్యము చైనాకు చేరెను. అది జలుబునకు, తలనొప్పికి మందని ఆనాటివారు విశ్వసించిరి. ఆ విశ్వాసము సరియైనది కాదనియు, నస్యము శరీరమునకు హానికరమనియు ఈనాడు వైద్యులు చెప్పుచున్నారు. ఐరోపావారు నస్యమును మూతగల చిన్న పెట్టెలలో దాచెడివారు. చైనా దేశపు గాలిలో తేమ అధికమగుటచే పెట్టెలోని పొడి ముద్దకట్టెడిది. కావున వారు తమ మందులను దాచు బుడ్ల వంటివానిని నస్యమునకును వాడిరి. ఇరుకైన మూతి, గట్టిగా బిగియు బిరడా, ఆ బిరడాకు లోపలివైపున అతికిన చిన్న దంతపు గరిటె, ఇవి ఆ బుడ్డికి అంగములు. రెండు మూడు అంగుళములకు మించని ఆ వస్తువు అంగరఖా చేతిలోనో, మొలసంచిలోనో సులువుగా ఇమిడిపోవును.

కాంగ్షీ అను చక్రవర్తి 1696లో తన ప్రాసాదమున గాజు కార్ఖానాను నెలకొల్పెను. అది మొదలుకొని నస్యపు బుడ్లు చేయుట ఒక గొప్ప కళగా వృద్ధి చెందెను. చక్రవర్తి తన ఉద్యోగులకు వానిని బహుమతులుగా ఇచ్చెడివాడు. ఉద్యోగులు ఒకరికొకరు కానుకగా ఇచ్చుకొనెడివారు. అతిథి రాగానే నస్యము అందించుట మనవారు తాంబూలమిచ్చుట వంటి మర్యాదయయ్యెను. బుడ్డిని చూచి దాని యజమాని అంతస్తును, అభిరుచిని అంచనా వేయుట వాడుక. అందుచే శిల్పులు గాజు, పింగాణీ, దంతము, స్ఫటికము, అకీకు, జేడు, పగడము మొదలైన సమస్త పదార్థములపైనను తమ నేర్పును చూపిరి.

వీనిలో పగడపు బుడ్డిని చేయుట మిక్కిలి కష్టము. పగడము రాయివలె కనబడినను రాయి కాదు. సముద్రగర్భమున పెక్కు చిన్న జీవులు కలిసి కట్టుకొన్న గూడు అది. మధ్యధరా సముద్రమున లభించు ఎఱ్ఱని పగడము మిక్కిలి శ్రేష్ఠమైనది. అది చెట్టుకొమ్మవలె సన్నని శాఖలుగా పెరుగును. ఉంగరమున పొదుగుటకు గింజంత పగడము చాలును. కాని బుడ్డిని తొలుచుటకు చేతిబొటనవ్రేలికంటె లావైన ముక్క, పగుళ్లు లేనిది, కావలెను. అట్టి ముక్క దొరకుట అరుదు. దొరకినను అది ఇటలీ తీరము నుండి పీకింగు నగరమునకు వేలమైళ్లు ప్రయాణము చేయవలెను. మన దేశమున పగడము నవరత్నములలో ఒకటి. చైనాలోను దానికి గౌరవము మెండు. మంచూ చక్రవర్తుల కొలువున రెండవ తరగతి ఉద్యోగి టోపీపై పగడపు గుండును ధరించెడివాడు.

పగడము జేడుకంటె మెత్తనిది. కావున దానిపై పూవులు, పక్షులు, డ్రాగనులు మొదలైన రూపములను లోతుగా చెక్కవచ్చును. కాని మెత్తని వస్తువునకు ముప్పును ఎక్కువ. ఉలి ఒకింత జారినను రేకు విరిగిపోవును. పులుసు తగిలినను మెఱుగు చెడును. పగడపు కొమ్మ వంకరగా ఉన్నచో శిల్పి ఆ వంకరను తీసివేయక, దానినే కాండముగానో, కొండగానో మలచును. లోపలిభాగము తొలుచుట ఇంకను కష్టతరము. మొదట నిలువుగా బెజ్జము వేసి, పిదప వంగిన సన్నని ఇనుప కడ్డీలకు గట్టి ఇసుకపొడిని జతచేసి, కంటికి కనబడని లోపలి గోడలను నెమ్మదిగా అరగదీయవలెను. బఠాణీగింజ పట్టు మూతినుండియే ఈ పనియంతయు సాగవలెను. పలుచని గోడ ఎక్కడ చిల్లిపడినను నెలల శ్రమ వ్యర్థమగును. పంతొమ్మిదవ శతాబ్దిలో కొందరు చిత్రకారులు ఇంకొక వింత చేసిరి. గాజు బుడ్డి మూతిగుండ వంపుగల సన్నని కలమును దూర్చి, లోపలి గోడపై చిత్రములను, అక్షరములను కుడియెడమలుగా లిఖించిరి. అవి బయటినుండి చూచువారికి సరిగా కనబడును.

ఇంతటి శ్రమకు ఫలముగా పుట్టిన బుడ్డిపై దానిని చేసిన శిల్పి పేరు సాధారణముగా ఉండదు. అతని బ్రదుకు ఎట్లు గడచినదో తెలుపు వ్రాతలు లేవు. అతని చేతిపని మాత్రము మిగిలినది. సేకరణకర్త చేయు మేలు ఇక్కడనే ఉన్నది. చేతికి చిన్నదై, సులువుగా పోగొట్టుకొనదగినదై, వాడుక తప్పినంతనే పారవేయదగినదైన వస్తువును అతడు విలువగలదని గుర్తించి కాపాడును. సాలార్‌జంగు కాపాడిన చిన్న వస్తువులు వేలకొలది కలవు.

ఆయన అభిరుచికి ఎల్లలు లేవు. మొగలు పాదుషాల కాలపు జేడు కత్తిపిడులు, దక్కను చిత్రములు, అరబ్బీ పారశీక భాషల వ్రాతప్రతులు, ఫ్రెంచి సామగ్రి, ఆంగ్లేయుల గడియారములు, పిల్లల ఆటబొమ్మలు, ఊతకఱ్ఱలు, ఆయుధములు, అన్నియు ఆయనకు ప్రియములే. ఒకే కఱ్ఱ దుంగలో ఒకవైపు గర్వించిన పిశాచమును, రెండవవైపు తలవంచిన కన్యను చెక్కిన జంటబొమ్మ ఆ సేకరణమునకే తలమానికము. పండితులు కొందరు ఈ సేకరణమున లోపమును చూపుదురు. ఒక శాఖను పట్టి క్రమముగా సేకరింపక, మనస్సునకు నచ్చిన దానినెల్ల కొనెననియు, ఐరోపా శిల్పములలో మూలములతోపాటు నకళ్లును చేరెననియు వారు అందురు. ఆ మాట నిజమే. కాని ఆయన పండితుడుగా కాక, ప్రేమికుడుగా కొనెను. పెద్ద పేరుగల వస్తువునే కోరిన యెడల నస్యపు బుడ్లకు, ఆటబొమ్మలకు ఆ ఇంట స్థానము దొరకియుండెడిది కాదు.

ఇంకొక విషయమును మరువరాదు. ఈ వస్తువులను కొన్న ధనము ఆకాశమునుండి ఊడిపడలేదు. ఎండకు ఎండి, వానకు తడిసి, జాగీరు గ్రామములలో దున్నిన రైతుల శిస్తే ఆ ధనము. ఆ రైతులలో దివాన్ దేవిడీ గడపను దాటి లోనికి వచ్చి ఆ వస్తువులను చూచినవారు ఎందరుందురు? ప్రభువు కన్నులకు మాత్రమే పండుగ చేయు సొత్తుగా ఆ సేకరణము ముగిసియుండిన, దానిని గొప్పయని ఎంచుటకు వీలులేకపోయెడిది. కాలము ఆ ఋణమును వేరొక విధముగా తీర్చెను.

1948వ సంవత్సరము సెప్టెంబరున హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. తరువాత ఆరునెలలు నిండకమునుపే, 1949వ సంవత్సరము మార్చి 2వ తేదీన మూడవ సాలార్‌జంగు దివాన్ దేవిడీలో కన్నుమూసెను. ఆయనకు భార్య లేదు, సంతానము లేదు. ఆ సంవత్సరమే జాగీర్దారీ పద్ధతియు రద్దయ్యెను. గదులనిండ పేరుకొన్న వేలకొలది వస్తువులు యజమానుడు లేనివయ్యెను. బంధువులు పలువురు హక్కుదారులుగా నిలిచిరి. వస్తువులను పంచుకొనిన యెడల అవి నూరుచోట్లకు చెదరిపోవును. వేలము వేసిన యెడల వచ్చిన దారినే తిరిగి విదేశములకు పోవును. ముప్పదియైదేండ్ల తపస్సు కొన్ని నెలలలో గాలికిపోవు స్థితి ఏర్పడెను.

ఆ ఆపదనుండి దానిని రక్షించుటకు ప్రభుత్వము పూనుకొనెను. ఆస్తి నిర్వహణకు ఒక సంఘము ఏర్పడెను. అప్పటి పాలనాధిపతి యగు ఎం.కె. వెల్లోడి ఆ వస్తువులతో ప్రదర్శనశాలను నెలకొల్పవలెనని తలంచెను. వానిని క్రమపరచు భారము జేమ్స్ కజిన్స్ అను ఐర్లండు దేశపు కవికి, కళావిమర్శకునికి అప్పగింపబడెను. ఆయన తెలుగువారికి కొత్తవాడు కాడు. పూర్వము మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడుగా ఉండినవాడు. పెట్టెలలోను, బీరువాలలోను కలగలిసియున్న వస్తువులను జాతులుగా విడదీసి గదులలో అమర్చిరి. 1951వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే ఆ ప్రదర్శనశాలను ప్రారంభించెను. ప్రభువులకు, వారి అతిథులకు మాత్రమే తెరచుకొనిన తలుపులు నాటినుండి పురజనులకు తెరచుకొన్నవి.

ఆస్తి వివాదము 1958లో రాజీతో ముగిసెను. వారసులు సమ్మతింపగా సేకరణమంతయు భారతప్రభుత్వమునకు సంక్రమించెను. 1961లో పార్లమెంటు ఒక శాసనమును చేసి ఈ ప్రదర్శనశాలను జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. పాత దేవిడీ చాలకపోవుటచే మూసీనది దక్షిణపు గట్టున, దారుల్‌షిఫా ప్రాంతమున నూతన భవనమును నిర్మించి, 1968లో వస్తువులను అచ్చటికి తరలించిరి. 1908లో నగరమును ముంచిన నది ఒడ్డుననే నగరపు కళాసంపద నేడు నిలిచియున్నది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టిన పిదప ఆ నది ఉధృతి చాలవరకు అదుపునకు వచ్చెను. దివాన్ దేవిడీ భవనములు కాలక్రమమున కనుమరుగై, వాని స్థానమున అంగళ్లు వెలసినవి. ద్వారములు మాత్రము ఆనాటి వైభవమునకు గుర్తుగా మిగిలియున్నవి.

ఈ ప్రదర్శనశాలలో నేడు 40,000కు మించిన కళావస్తువులును, 8,000కు మించిన వ్రాతప్రతులును, గొప్ప గ్రంథాలయమును కలవు. గంట కొట్టు సమయమునకు గడియారము ముందు జనులు గుమిగూడి నిలుతురు. ఒక గడ్డపు బొమ్మ లోపలినుండి వచ్చి, ఎన్నిగంటలైనదో అన్నిసారులు కొట్టి, తిరిగి లోనికి పోవును. కొప్పళ నుండి, కోస్గి నుండి వచ్చిన రైతుబిడ్డయు ఆ గుంపులో నిలిచి, తాతముత్తాతలు కట్టిన శిస్తుతో కొన్న వస్తువులను తనవిగానే చూడవచ్చును.

మూడవ సాలార్‌జంగు రాజ్యమును ఏలినది రెండేండ్లు. వస్తువులను ప్రేమించినది జీవితకాలము. దివానుగా ఆయన వ్రాసిన ఉత్తరువులు ఏవో నేడు సామాన్యులకు తెలియవు. పేరులేని శిల్పి చెక్కిన చిన్న బుడ్డిని కాపాడినందుకు మాత్రము ఆయన పేరు నిలిచినది. పెద్ద పదవి చేజారినంత మాత్రమున జీవితము వ్యర్థము కాదనియు, శ్రద్ధతో చేసిన పని చిన్నదైనను కాలమునకు ఎదురు నిలుచుననియు, ఒక్కని సొత్తు పదిమందికి పంచబడినపుడే దానికి సార్థకత కలుగుననియు ఆయన చరిత్రము మనకు తెలుపుచున్నది.